సగటుతో పూడ్చేస్తున్న చదువు

1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున అట్లాంటిక్‌లో మునిగిన ఓడలోని మనుషులకు ఇవాళ హైదరాబాద్ అమీర్‌పేటలో వయసు కడుతున్నారు. పసివాడని లేదు, ముసలివాడని లేదు. వయసు తెలియనివాళ్లందరికీ ఒకటే వయసు: ఇరవై తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు.

వెటకారానికి అంటున్న మాట కాదు ఇది. డేటా అనలిటిక్స్ పేరుతో నడిచే ఏ మొదటి కోర్సులో కూర్చున్నా కొన్ని వారాలకల్లా టైటానిక్ ఓడ వచ్చి తీరుతుంది. ప్రయాణికుల్లో 891 మంది జాబితా. ఆడా మగా, ఏ తరగతి టికెట్టు, ఎంత ఛార్జీ, బతికారా పోయారా, వయసెంత. ఆ వయసు కాలమ్‌లో 177 గడులు ఖాళీగా ఉంటాయి. సార్ ఏమంటారు? "మిస్సింగ్ వాల్యూస్ ఉన్నాయి చూశారా, మీన్‌తో ఫిల్ చేసేయండి." ఒక్క లైను కోడ్. 177 ఖాళీల్లోనూ 29.7 వచ్చి కూర్చుంటుంది. "డేటా క్లీన్ అయిపోయింది, నెక్స్ట్." పిల్లలు స్క్రీన్‌షాట్ తీసుకుంటారు, బండి ముందుకు పోతుంది.

ఆ 177 మంది ఎవరని అడిగే నాథుడు లేడు. కనుక్కోవడానికి బ్రహ్మవిద్య అక్కర్లేదు, ఇంకో లైను కోడ్ చాలు. రాసి చూడండి. 177 మందిలో 136 మంది మూడో తరగతి వాళ్లు. మూడో తరగతిలో ఉన్న 491 మందిలో నలుగురికి ఒకరి కన్నా ఎక్కువమందికి వయసు లేదు. మొదటి తరగతి 216 మందిలో లేనిది 30 మందికే. ఇంకో లెక్క తీయండి. బతికి బయటపడిన 342 మందిలో వయసు తెలియనివాళ్లు 52 మంది. చనిపోయిన 549 మందిలో 125 మంది. ఒడ్డుకు చేరినవాడు తన వయసు తాను చెప్పుకోగలడు. మునిగినవాడి తరఫున ఎవరు చెప్పాలి? అడుగు అంతస్తులో ప్రయాణం చేసిన పేదవాడి గురించి ఎవరు ఆరా తీస్తారు?

పేదరికమూ చావూ కలిసి చేసిన ఖాళీ అది. పట్టిక మొత్తంలో ఆలోచించాల్సిన చోటు ఏదన్నా ఉంటే అదే. దాన్ని సగటుతో పూడ్చి, క్లీన్ చేశామని చెప్పుకుంటున్నాం. సాక్ష్యాన్ని చెరిపేయడానికి శుభ్రం అని పేరు పెట్టిన చదువు ఇది.

నా అభియోగం సూటిగా చెబుతాను. డేటా అనలిటిక్స్ మొదటి కోర్సులో మన పిల్లలు ఎక్సెల్ నేర్చుకుంటారు, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటారు, పవర్ బీఐ నేర్చుకుంటారు. వాటితోపాటు సిలబస్ కాగితం మీద లేని పాఠం ఇంకోటి కూడా ఒంటబట్టించుకుంటారు. ఖాళీ కనబడితే పూడ్చు. తేడా కనబడితే తీసెయ్. అనుమానం వస్తే దాటెయ్. పనిముట్లు రెండేళ్లకోసారి మారతాయి, కొత్తవి నేర్చుకోవచ్చు. ఈ అలవాటు మాత్రం ఉద్యోగంలోకి, ఆఫీసులోకి, ప్రభుత్వంలోకి వెంటబడి వస్తుంది.

మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూడని తెలుగు విద్యార్థి అరుదు. మూడు నెలల్లో డేటా అనలిటిక్స్ విత్ ఏఐ. రియల్‌టైమ్ ఫ్యాకల్టీ. రియల్‌టైమ్ ప్రాజెక్టులు. నాన్ ఐటీ వాళ్లూ చేరవచ్చు. ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ వంద శాతం. బీకాం చదివినవాళ్లు, సివిల్, మెకానికల్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు, పెళ్లయ్యాక నాలుగేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న ఆడపిల్లలు, అందరూ వస్తారు. ఎస్సార్ నగర్ హాస్టల్లో మంచం, రెండు పూటలా అదే సాంబారు, ఇంటి దగ్గర బంగారం తాకట్టు పెట్టి పంపిన ఫీజు. వీళ్లను వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. వీళ్లు నేర్చుకునే పని కూడా తక్కువది కాదు. వీలుకప్, పైవట్ టేబుల్, గ్రూప్ బై, జాయిన్ వచ్చినవాడు ఏ ఆఫీసులోనైనా నలుగురి పని ఒక్కడు చేస్తాడు. ఆ మాటకు నేను అడ్డు రాను. నా కోపం నేర్చుకునేవాళ్ల మీద కాదు, అమ్మేవాళ్ల మీద. తక్కెడ పట్టుకోవడం నేర్పి, రాళ్లు సరైనవో కావో చూసుకోవడం నేర్పకుండా పిల్లల్ని అంగట్లోకి తోస్తున్నారు.

ఇక ఆ రియల్‌టైమ్ ప్రాజెక్టుల సంగతి. రెజ్యూమెలు పది తీసి వరసగా చదవండి. అమెరికాలోని ఒక ఊహాజనిత సూపర్‌స్టోర్ అమ్మకాల డ్యాష్‌బోర్డు ఒకటి. చికాగోలో సైకిళ్లు అద్దెకు తీసుకునేవాళ్ల అలవాట్ల మీద ఇంకోటి. రెండోది గూగుల్ 2021లో కోర్సెరాలో పెట్టిన సర్టిఫికెట్ కోర్సు చివర్లో వచ్చే కేస్ స్టడీ. న్యాయంగా చెప్పాలంటే, ఆ కోర్సు విశ్లేషణను ఆరు మెట్లుగా చెబుతుంది, అందులో మొదటి మెట్టు అడగడం. మన బజారుకు వచ్చేసరికి ఆ మొదటి మెట్టు ఎగిరిపోయి, సర్టిఫికెట్టూ సైకిళ్లూ మిగిలాయి. శని ఆదివారాల్లో మిషిగన్ సరస్సు పక్కన ఎవరు సైకిల్ తొక్కుతారో మన కుర్రాడికి తెలుసు. వాళ్ల నాన్న పంట ఏ ధరకు పోయిందో, ఆ ధర ఎలా రాస్తారో తెలియదు.

తెలియకపోతే వచ్చే నష్టమేమిటి అంటారా? గుంటూరు మిర్చి యార్డు దగ్గరికి పోదాం. దేశంలోని చాలా మార్కెట్ యార్డుల ధరలు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో రోజూ పెడతారు. పంట, రకం, గ్రేడు, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. కోర్సు చేసినవాడి చేతికి ఈ పట్టిక ఇస్తే ఏం చేస్తాడు? నెల మొత్తం మోడల్ ధరలు కూడి, రోజులతో భాగించి, ఈ నెల మిర్చి సగటు ధర ఇంత అని రంగురంగుల కార్డు పెడతాడు. ఆ కార్డు తప్పు. వెయ్యి టిక్కీలు (బస్తాలు) వచ్చిన రోజుకూ లక్ష టిక్కీలు వచ్చిన రోజుకూ అతను ఒకే విలువ ఇచ్చాడు. తేజ రకాన్నీ తాలు కాయనూ ఒకే గంపలో పోశాడు. ఎంత సరుకు వచ్చిందో చూడకుండా కట్టిన సగటు ఏ రైతు జేబులోకీ రాని డబ్బు లెక్క.

అదే యార్డులో నిలబడ్డ రైతుకు ధర చెప్పి చూడండి. ఏ రకానికి? ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకుకా, కొత్త కాయకా? తేమ ఎంత తీశారు? కమీషన్ పోనా? ఊపిరి తిప్పుకోనీయకుండా నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఆయన డేటా కోడ్‌లో వాడే పాండాస్ పేరు వినలేదు, పవర్ బీఐ చూడలేదు. అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో అడగందే నమ్మడు. సర్టిఫికెట్టు ఉన్న కొడుకు కన్నా డేటా ఆ తండ్రికే ఎక్కువ అర్థమవుతుంది. పిల్లవాడికి ఇంట్లో పుట్టుకతో ఉన్న ఆ అనుమానాన్ని ఫీజు తీసుకుని మరీ పోగొడుతున్నాం.

యార్డులో డబ్బు పోతుంది. వేరేచోట్ల అంతకన్నా పెద్దవి పోయాయి. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు, మొదటి ఏడాది మంచి మార్కులతో గట్టెక్కిన ఒక అమ్మాయికి రెండో ఏడాది తెలుగులో సున్నా వచ్చింది. గోల చేస్తే మళ్లీ చూశారు. అసలు మార్కులు 99. దిద్దిన చోట 99 బదులు 00 గడులు నింపారు. ఇప్పుడు మన మొదటి కోర్సు పాఠాన్ని ఆ పట్టిక మీద నడిపి చూడండి. ఖాళీలు ఉన్నాయా? లేవు. కాలమ్‌లో అంకెలే ఉన్నాయా? ఉన్నాయి. సున్నాకూ వందకూ మధ్యనే ఉన్నాయా? ఉన్నాయి. డేటా క్లీన్. పాసైపోయింది. మిగతా సబ్జెక్టులన్నిటిలో అన్ని మార్కులు తెచ్చుకున్న పిల్లకు మాతృభాషలో సున్నా ఏమిటన్న ప్రశ్న ఏ బటన్ నొక్కినా రాదు. అది మనిషికి రావాలి, వచ్చేలా నేర్పాలి. ఆ ఏడాది ఫలితాల తర్వాత ఎన్ని ఇళ్లలో చావు వార్తలు విన్నామో తెలంగాణకు గుర్తుంది. అంకె తప్పయితే ఏమవుతుందో మనకు ఏ అమెరికా పాఠ్యపుస్తకమూ చెప్పక్కర్లేదు.

ఇంకో పాఠం జాయిన్. క్లాసులో ఎలా నేర్పుతారు? ఎంప్లాయీ టేబుల్ ఒకటి, డిపార్ట్‌మెంట్ టేబుల్ ఇంకోటి. రెండింట్లోనూ తళతళలాడే ఐడీ నంబర్లు. కలిపితే అతికినట్టు కలుస్తాయి. లెఫ్ట్ జాయిన్, రైట్ జాయిన్, ఇన్నర్ జాయిన్, రెండు వృత్తాల బొమ్మ, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న, అయిపోయింది.

బయట లోకంలో రెండు పట్టికలనూ కలిపే ఐడీ నంబర్లు చాలాచోట్ల ఉండవు, పేర్లు ఉంటాయి. కె. శ్రీనివాసరావులు తెలుగు నేలలో ఎంతమంది ఉంటారో ఊహించండి. ఒక కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకో కార్డులో వెనక్కి పోతుంది. ఒకచోట రావు ఉంటుంది, ఇంకోచోట రాలిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసరికి ఒకే మనిషి నాలుగు రకాలుగా మారతాడు, నలుగురు మనుషులు ఒకే రకంగా కనబడతారు. ఇలాంటి పేర్లతో తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థ నడిపింది. వాహనాల రిజిస్ట్రేషన్ వంటి రకరకాల శాఖల రికార్డులు కలిపి, ఎవరు సంక్షేమానికి అర్హులో ఎవరు కాదో తేల్చే యంత్రం. 2014కూ 2019కీ మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. రద్దయినవాళ్లలో అనర్హులూ ఉంటారు, కాదనను. కానీ కారే లేని ఇంటికి కారుందని కంప్యూటర్ రాస్తే బియ్యం ఆగిపోయిన సంగతులు పత్రికల్లో వచ్చాయి. గడప తొక్కి చూసినవాడు లేడు, నోటీసు ఇచ్చినవాడు లేడు. చివరికి 2022లో సుప్రీంకోర్టు, ఇళ్లకు వెళ్లి మళ్లీ విచారించమని ప్రభుత్వాన్ని ఆదేశించాల్సి వచ్చింది.

ఆ యంత్రాన్ని రాసినవాళ్లు దుర్మార్గులని నేననను. జాయిన్ నేర్చుకున్నవాళ్లు. తప్పుగా కలిసిన వరుస ఎలా ఉంటుందో, ఎన్ని కలిశాయో కాక ఎన్ని తప్పుగా కలిశాయో ఎలా లెక్కపెట్టాలో, యాభై వరుసలు ఏరి ఫోన్ చేసి కనుక్కోవడం ఎలాగో ఎవరూ నేర్పనివాళ్లు. డ్యాష్‌బోర్డులో అది కొద్ది శాతం పొరపాటుగా కనబడుతుంది. రేషన్ షాపు క్యూలో చేతిలో సంచీతో నిలబడ్డ ముసలమ్మకు అది నూటికి నూరు శాతం.

ఇక్కడ నాకు రెండు జవాబులు చెబుతారు. మొదటిది: ఇవన్నీ పెద్ద చదువులు, ముందు టూల్స్ రానీయండి, ఉద్యోగం రానీయండి, అనుమానాలు అనుభవం మీద వస్తాయి. రావు. మొదటి నెలలో ఖాళీని పూడ్చడం నేర్చినవాడు పదేళ్లకు టీమ్ లీడ్ అయి, ఖాళీని పూడ్చమని కింది పదిమందికి చెబుతాడు. పైగా నేను అడుగుతున్నది పెద్ద చదువు కాదు. టైటానిక్ జాబితాలో వయసు లేనివాళ్లను తరగతివారీగా లెక్కపెట్టడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఇవ్వలేని సార్‌కు మూడు నెలల ఫీజు ఎందుకివ్వాలి?

రెండో జవాబు: కంపెనీలు అడిగేది టూల్సే కదా? నిన్నటిదాకా నిజమే. ఇవాళ ఖాళీలను సగటుతో నింపే ఆ లైను చాట్‌జీపీటీ రెప్పపాటులో రాసి ఇస్తుంది. డ్యాష్‌బోర్డుకు రంగులు కూడా అదే వేస్తుంది. మూడు నెలలు హాస్టల్ సాంబారు తాగి నేర్చుకున్న పని యంత్రం ఉచితంగా చేసిపెడుతుంటే మనిషికి జీతం ఎందుకివ్వాలి? ఆ లైను ఇక్కడ రాయవచ్చా కూడదా అని చెప్పగలిగినందుకు ఇవ్వాలి. అంటే మన కోర్సులు వదిలేసిన భాగానికే ఇక గిరాకీ. నీతి మాటలు ఇష్టం లేకపోతే పోనీ, పొట్టకూటి లెక్కలోనైనా ఈ సిలబస్ దివాలా తీసింది.

ఎక్సెల్ నేర్చుకునే విద్యార్థి ఏం సాధించగలడో తెలియాలంటే థామస్ హెర్న్‌డన్ కథ చెప్పాలి. 2010లో ఆర్థికవేత్త కార్మెన్ రైన్‌హార్ట్, హార్వర్డ్ ప్రొఫెసర్ కెన్నెత్ రోగాఫ్ కలిసి ఒక పత్రం రాశారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి సున్నాకన్నా కాస్త కిందికి పడిపోతుందని అందులో తేల్చారు. ఖర్చులకు కోత పెట్టాలనుకున్న రాజకీయ నాయకులు దాన్ని వేదవాక్కులా పట్టుకున్నారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న హెర్న్‌డన్‌కు క్లాసు పనిగా ఆ లెక్క మళ్లీ చేయాల్సి వచ్చింది. ఎంత చేసినా కుదరలేదు. వాళ్ల ఎక్సెల్ షీటే అడిగి తెప్పించుకుని ఫార్ములా మీద క్లిక్ చేశాడు. అయిదు దేశాలు సగటులోంచి జారిపోయి ఉన్నాయి. కొన్ని ఏళ్ల అంకెలు వదిలేశారు. న్యూజిలాండ్‌ది ఒక్క ఏడాది అంకె, బ్రిటన్‌వి 19 ఏళ్ల అంకెలు, రెంటికీ ఒకే బరువు. మన గుంటూరు కార్డులో జరిగిన తప్పే. సరిచేసి చూస్తే వృద్ధి 2.2 శాతం. 2013లో ఆ సంగతి బయటపెట్టాడు. ఒక విద్యార్థి హార్వర్డ్ లెక్కను పట్టుకున్నది కొత్త టూల్‌తో కాదు, ప్రతి ఆఫీసులోనూ ఉన్న ఎక్సెల్‌తోనే. అతనికి ఉన్నదల్లా, అంకె కుదరనప్పుడు తప్పు తనదే అనుకుని ఊరుకోని మొండితనం.

ఆ మొండితనం మనకు కొత్తా? పంటల దిగుబడిని ఆఫీసు కాగితాల్లోంచి కాక పొలంలోకి దిగి శాంపిల్ తీసి లెక్కగట్టాలని పట్టుబట్టిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఈ దేశంవాడే. నేషనల్ శాంపిల్ సర్వే 1950లో ఆయన చలవతో పుట్టింది. ఆయన దగ్గర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎదిగిన సి.ఆర్. రావు మన తెలుగువాడు, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదువుకున్నవాడు. ఉన్న డేటాతో ఒక అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో, అంతకు మించి కచ్చితత్వం ఎందుకు రాదో 1945లో, పాతికేళ్ల వయసులో, ప్రపంచానికి చెప్పాడు. ఆయన పేరుతో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఒక సంస్థ ఉంది. అదే నగరంలో డేటా పేరు చెప్పుకుని బతికే బోర్డుల కింద, అంచనాకు హద్దు ఉంటుందన్న ఒక్క ముక్క చెప్పకుండా పిల్లల్ని పంపేస్తున్నారు. ఇంజినీరింగ్ కాలేజీలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? సీఎస్‌ఈ డేటా సైన్స్ అని సీట్లు పెంచుకున్నాయి. ల్యాబ్ రికార్డు తెరిస్తే మళ్లీ అదే ఓడ.

నేను కోరేవి గొంతెమ్మ కోరికలు కావు. మొదటి వారం కంప్యూటర్ మూసేయండి. పిల్లల్ని రైతుబజారుకో, రేషన్ షాపుకో, ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీల కౌంటరుకో పంపండి. అక్కడ ఒక పట్టిక వాళ్ల చేత్తో వాళ్లనే రాయమనండి. చెప్పనివాళ్లు, అబద్ధం చెప్పేవాళ్లు, ఆ రోజు రానివాళ్లు, ఏ గడిలోనూ ఇమడనివాళ్లు ఎదురవుతారు. సొంతంగా డేటా సేకరించినవాడు ఇంకెప్పుడూ ఖాళీ గడిని చులకనగా చూడడు. ఆ తర్వాత ఎక్సెల్ తెరవండి. ప్రతి ప్రాజెక్టు చివర ఒక పేజీ తప్పనిసరి చేయండి: ఈ డేటా ఎవరు సేకరించారు, ఎందుకు సేకరించారు, ఎవరు ఇందులో లేరు, నా లెక్క తప్పయితే ఎవరికి నష్టం. ఆ పేజీ లేని ప్రాజెక్టుకు సున్నా వేయండి.

ఇన్‌స్టిట్యూట్లు ఈ మాట వింటాయన్న భ్రమ నాకు లేదు. గిరాకీ ఉన్న సరుకే వాళ్లు అమ్ముతారు. అందుకే ఈ చివరి మాట ఫీజు కట్టబోయే పిల్లలకు. డెమో క్లాసు ఉచితం, వెళ్లండి. తెర మీద పట్టిక రాగానే చెయ్యెత్తి అడగండి: "సార్, ఇందులో ఎవరు లేరు?" జవాబు చెప్పడానికి ప్రయత్నించిన సార్ దగ్గర చేరండి. "అవన్నీ తర్వాత చూద్దాం" అన్నారా, ఫీజు డబ్బు జేబులోనే ఉంచుకుని బయటికి వచ్చేయండి.